90 శాతం కవరేజ్ లేకపోతే మెర్జ్ లేదంటున్నారు, దీనివల్ల మేలా కీడా?

మధురవాడ_జావా:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, జావా, టీమ్‌లో 11 మందిమి. మొన్న మార్చి దాకా టెస్ట్ కవరేజ్ (మా కోడ్‌లో ఎన్ని లైన్లని టెస్టులు కనీసం ఒక్కసారైనా నడిపాయో చెప్పే శాతం) ఎంతుందో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, 58 శాతం దగ్గర పడి ఉండేది. ఏప్రిల్‌లో కొత్త డెలివరీ హెడ్ వచ్చారు. వచ్చీ రాగానే అన్ని టీములకీ ఒకటే రూలు: యూనిట్ టెస్ట్ కవరేజ్ 90 శాతం లేకపోతే బిల్డ్ ఫెయిల్, మెర్జ్ బటనే (మన మార్పుని అసలు కోడ్‌లో కలిపేది) నొక్కనివ్వదు. ప్రతి సోమవారం పొద్దున్నే టీముల వారీగా ఒక పట్టిక మెయిల్‌లో వస్తుంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులేసి మరీ. అప్రైజల్‌లో కూడా చూస్తారట.

మూడు నెలల్లో 91కి తెచ్చాం. ఎలా తెచ్చామో చెప్పాలంటే సిగ్గేస్తోంది. గెటర్లకీ సెటర్లకీ, అంటే ఒక విలువని ఇవ్వడం, పెట్టడం తప్ప ఇంకేం చేయని చిన్న మెథడ్‌లకీ టెస్టులు రాశాం. రెండు వందల లైన్ల మెథడ్‌ని ఒక్కసారి పిలిచి, తిరిగొచ్చింది నల్ (ఖాళీ) కాదు అని ఒక్క అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే లైన్) పెట్టి వదిలేశాం. కొన్నిట్లో ఆ అసర్ట్ కూడా లేదు, ఎక్సెప్షన్ రాకపోతే పాసైనట్టే. అన్నీ మొక్కుబడి టెస్టులు. రాసేటప్పుడు అందరికీ తెలుసు, రివ్యూ చేసేవాడికీ తెలుసు, రేపు వాడిది నేను రివ్యూ చేయాలి కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

సరే, పోయిన నెల ఏం జరిగిందంటే, క్రెడిట్ నోట్ వేస్తే డిస్కౌంట్ రెండుసార్లు తగ్గుతోంది. కస్టమర్ ఫోన్ చేసి చెప్పేదాకా మాకు తెలియదు. ఆ క్లాస్ కవరేజ్ తీసి చూస్తే 100. తప్పున్న లైన్ మీద పచ్చరంగు మెరిసిపోతోంది! టెస్టు ఆ లైన్ మీదుగా వెళ్లిన మాట నిజమే, వెళ్లాక వచ్చిన అంకె ఎంతో చూసినవాడు లేడు.

ఇంకో విడ్డూరం వినండి. ఒకే లెక్క నాలుగు చోట్ల కాపీ చేసి ఉన్న పాత కోడ్‌ని నేను ఒకచోటికి చేర్చాను, దాదాపు 800 లైన్లు పోయాయి. మంచి పనే కదా? బిల్డ్ ఫెయిల్. ఎందుకో మొదట అర్థం కాలేదు, తర్వాత కాగితం మీద లెక్కేసుకున్నా. 10,000 లైన్లలో 9,050 కవరై ఉంటే 90.5 శాతం. తీసేసిన 800 కూడా కవరైనవే, అంటే ఇప్పుడు 9,200లో 8,250, అది 89.7. ఇల్లు ఊడ్చినందుకు జరిమానా. చివరికి ఆ మార్పు వెనక్కి తీసుకుని, కాపీ కోడ్‌ని అలాగే ఉంచేశాను. ఇది రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది.

నా ప్రశ్న: ఇది మా బద్ధకమా, లేక పద్ధతిలోనే లోపముందా? దీని మీద ఎవరైనా సరిగ్గా పరిశోధన చేశారా? ఆయన ముందుకెళ్లి "నాకిలా అనిపిస్తోందండి" అంటే కుదరదు, ఆధారం అడుగుతారు.

---

పాత_టెస్టర్:

తమ్ముడూ, నీ ప్రశ్న మీద పేపర్ ఎక్కడో కాదు, మా హైదరాబాద్‌లోనే చదివారు. 2014 మే 31 నుంచి జూన్ 7 దాకా ఐసీఎస్‌ఈ ఇక్కడ జరిగింది, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధనలో అంతకంటే పెద్ద సదస్సు లేదంటారు. సరిగ్గా ఆ వారం మధ్యలోనే జూన్ 2న తెలంగాణ వచ్చింది, ఊరంతా ఆ సంబరంలో ఉంటే ఈ సదస్సు సంగతి ఎవడికి కావాలి. నేను అప్పటికే టెస్టింగ్‌లో ఏడేళ్లుగా ఉన్నా, అయినా నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీ వాళ్లు, లారా ఇనోజెమ్ట్సేవా, రీడ్ హోమ్స్ అని ఇద్దరు. పేపర్ పేరులోనే విషయం చెప్పేశారు, కవరేజ్‌కీ టెస్టుల సత్తాకీ గట్టి సంబంధం లేదని. అపాచీ పీఓఐ, క్లోజర్ కంపైలర్, హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ, జేఫ్రీచార్ట్, జోడా టైమ్, ఇలా ఐదు జావా ప్రోగ్రాములు తీసుకున్నారు, పెద్దది 7,24,000 లైన్లు. వాటికి ఉన్న టెస్టుల్లోంచి రాండమ్‌గా ఏరి 31,000 టెస్ట్ సూట్లు తయారు చేశారు. తర్వాత కోడ్‌లో కావాలని చిన్న చిన్న తప్పులు నాటారు, ప్లస్ ఉన్నచోట మైనస్, "కంటే ఎక్కువ" ఉన్నచోట "ఎక్కువ లేదా సమానం", ఇలాంటివి. వీటినే మ్యూటెంట్లు అంటారు. ఏ సూట్ ఎన్ని మ్యూటెంట్లని పట్టిందో లెక్కగట్టారు.

పైపైన చూస్తే కవరేజ్ పెరిగేకొద్దీ పట్టుబడే తప్పులూ పెరిగాయి. కానీ కవరేజ్ ఎక్కువున్న సూట్‌లో టెస్టులు కూడా ఎక్కువే ఉంటాయి కదా. పెద్ద వల వేస్తే వల బరువూ ఎక్కువే, పడే చేపలూ ఎక్కువే, అంతమాత్రాన బరువు వల్ల చేపలు పడ్డాయనం. అందుకని టెస్టుల సంఖ్య సమానంగా ఉన్న సూట్లని మాత్రమే పక్కపక్కన పెట్టి చూశారు. అప్పుడా సంబంధం బాగా పలచబడిపోయింది. లైన్ కవరేజ్ బదులు బ్రాంచ్, కండిషన్ లాంటి గట్టి కొలతలు వాడినా ఒరిగిందేమీ లేదు.

వాళ్లు కవరేజ్ పనికిరాదు అనలేదు, ఇది గుర్తుపెట్టుకో, మీ హెడ్ దగ్గర ఇది తప్పు చెప్తే దొరికిపోతావు. టెస్టులు చాలని చోట్లు వెతకడానికి వాడుకోండి, నాణ్యతకి టార్గెట్‌గా మాత్రం పెట్టకండి అన్నారు. మీ ఆఫీసులో సరిగ్గా దానికి తలకిందులు చేశారు.

---

ఆధారం_చూపించు:

ఒక్క నిమిషం ఆగండి. అదే సదస్సు, అదే వారం, అదే హైదరాబాద్‌లో ఇంకో పేపర్ కూడా వచ్చింది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి రాహుల్ గోపీనాథ్, కార్లోస్ జెన్సెన్, అలెక్స్ గ్రోస్. వీళ్లు గిట్‌హబ్‌లోంచి వందల జావా ప్రాజెక్టులు తీసుకుని చూస్తే, టెస్ట్ సూట్ ఎన్ని మ్యూటెంట్లని చంపుతుందో అంచనా వేయడానికి మామూలు స్టేట్‌మెంట్ కవరేజే (లైన్ కవరేజ్ లాంటిదే) అన్నిటికంటే బాగా పనికొచ్చింది. ఒకే కప్పు కింద రెండు పేపర్లు, ఒకటి తూర్పు, ఒకటి పడమర!

తేడా ఎక్కడ వచ్చిందంటే, మొదటివాళ్లు ఒకే ప్రాజెక్టు టెస్టుల్ని ముక్కలు చేసి రాండమ్‌గా కలిపారు. రెండోవాళ్లు మనుషులు రాసుకున్న సూట్లని ఉన్నవున్నట్టు తీసుకుని ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ పోల్చారు. నిజ జీవితంలో ఎవడైనా టెస్టుల్ని లాటరీ తీసి ఏరుకుంటాడా? సూట్ సైజుని అలా పక్కకు పెట్టి లెక్కేయడం సరైన పద్ధతి కాదని 2020లో ఏఎస్‌ఈ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ సదస్సులో వేరే పేపరే వచ్చింది. కాబట్టి "సైన్స్ తేల్చేసింది" అని మీ హెడ్ ముందు బల్ల గుద్దకండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. మీ క్రెడిట్ నోట్ బగ్ కవరేజ్ చేసిన తప్పు కాదు. అసర్ట్ రాయకుండా మసిపూసి మారేడుకాయ చేసింది మీరు. 58 దగ్గర ఉన్నప్పుడు మాత్రం ఆ బగ్ దొరికేదా? గుడ్డికన్నా మెల్ల మేలు.

కవరేజ్ ఏం పట్టగలదో చూడాలంటే 2014 ఫిబ్రవరిలో ఆపిల్ వాళ్లకి జరిగింది చూడండి. ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో (అవతలి సర్వర్ అసలుదో కాదో చూసి కనెక్షన్‌ని భద్రంగా ఉంచేది) "గోటూ ఫెయిల్" అనే లైన్ పొరపాటున రెండుసార్లు పడింది. రెండోదానికి ముందు ఇఫ్ లేదు, కాబట్టి ప్రతిసారీ అక్కడినుంచి గెంతేయడమే, కింద సంతకం సరిచూసే కోడ్‌ దాకా ఎప్పుడూ వెళ్లదు. ఐఫోన్లూ మ్యాక్‌లూ దొంగ సర్వర్‌ని నమ్మేసే పరిస్థితి. ఆ ఫైల్‌కి ఎవరైనా కవరేజ్ రిపోర్టు తీసి ఉంటే ఆ కింద లైన్లన్నీ ఎర్రగా కనిపించేవి. ఎంత మామూలు టెస్టు రాసినా సరే.

---

సీ_ప్లస్_చింతపండు:

గోటూ ఫెయిల్ గుర్తు చేశారు కాబట్టి, రెండు నెలలు ముందుకెళ్లండి, అదే ఏడాది ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే బగ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో (అదే పని చేసే ఉచిత లైబ్రరీ) అవతలివాడు "నేను ఇంత పొడుగు డేటా పంపాను" అంటే ఆ పొడుగు నిజమా కాదా అని చూడకుండా మెమరీలోంచి అంతా కాపీ చేసి తిరిగి పంపేసేది. అక్కడ ఉండాల్సిన ఒక చెక్ లేదు. లేని లైన్‌కి కవరేజ్ రిపోర్టులో ఏ రంగు వేస్తారు? ఆ ఫంక్షన్‌కి 100 వచ్చినా బగ్ అలాగే ఉండేది. ఉన్న కోడ్‌లో దేన్ని ముట్టుకోలేదో కవరేజ్ చెప్తుంది, ఏది రాయడం మర్చిపోయావో దానికెలా తెలుస్తుంది?

అసలు 100 శాతాన్ని మనస్ఫూర్తిగా పాటించేవాళ్ల మాట వింటే ఇంకా బాగుంటుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తెలుసుగా, మీ అందరి ఫోన్లలో ఉన్నదే. వాళ్లు విమానాల సాఫ్ట్‌వేర్‌కి పెట్టే ఎంసీడీసీ అనే కఠినమైన కొలతలో 100 శాతం నిలబెడుతున్నారు. అసలు కోడ్‌కి దాదాపు 590 రెట్లు టెస్ట్ కోడ్ ఉందని వాళ్లే రాసుకున్నారు. అంతటి వాళ్లు కూడా ఏం ఒప్పుకున్నారంటే, ఈ 100 శాతం పట్టుదల వల్ల జాగ్రత్త కోసం రాసే కోడ్ తగ్గిపోతుందట. "ఇది ఎప్పటికీ జరగదు, అయినా ఒకవేళ జరిగితే" అని పెట్టే ఇఫ్‌లు ఉంటాయి చూడండి, వాటిలోకి టెస్టు వెళ్లలేదు, కాబట్టి కవరేజ్ తగ్గుతుంది, కాబట్టి ఆ ఇఫ్ రాయకపోవడమే సుఖం. ఫజ్ టెస్టింగ్ మొదలుపెట్టాక, అంటే చెత్త ఇన్‌పుట్ లక్షల రకాలుగా కుమ్మరిస్తే, సరిగ్గా ఆ జాగ్రత్తలు లేనిచోటే ప్రోగ్రాం దెబ్బతినే అవకాశం ఎక్కువని తేలింది. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, అందుకని రెండూ చేయాలి అంటారు వాళ్లు. అలాంటి ఇఫ్‌లని లెక్కలోంచి తప్పించడానికి ప్రత్యేకంగా మాక్రోలు కూడా పెట్టుకున్నారు.

మధురవాడ గారూ, మీ వాళ్లు ఈ మూడు నెలల్లో ఎన్ని నల్ చెక్‌లు పీకేశారో ఒకసారి గిట్ హిస్టరీలో (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఉండే చోట) చూడండి. నా అనుమానం, కొన్ని పీకే ఉంటారు.

---

జీరో_టెన్షన్:

ఇంత చర్చ ఎందుకు బ్రో. ఏఐకి క్లాస్ ఇచ్చి టెస్టులు రాయమంటే పది నిమిషాల్లో 95 వస్తుంది. మా టీమ్ అంతా అదే చేస్తున్నాం. హెడ్ హ్యాపీ, మేమూ హ్యాపీ.

---

పాత_టెస్టర్:

ఆ ఏఐకి మీ బిల్లు ఎంత రావాలో ఎవరు చెప్పారు? కోడ్ చూసి కదా టెస్టు రాసేది. డిస్కౌంట్ రెండుసార్లు కోసే కోడ్ ఇస్తే, రెండుసార్లు కోయడమే కరెక్ట్ అని నీట్‌గా అసర్ట్ కూడా పెట్టి ఇస్తుంది. నల్ కాదు అని రాసే మనవాడే నయం, వాడు కనీసం తప్పుని ఒప్పని సంతకం పెట్టలేదు. రేపు ఎవరైనా ఆ బగ్ సరిచేస్తే మీ టెస్టు ఫెయిలై వాణ్నే తిడుతుంది.

---

అవతలి_కుర్చీ:

నేను మేనేజర్ని, రాళ్లు వేయకండి.

90 ఎక్కడినుంచి వచ్చిందో మీరెవరూ అడగలేదు. మా సర్వీసెస్ ప్రపంచంలో చాలాసార్లు అది హెడ్ బుర్రలో పుట్టినది కాదు, క్లయింట్ కాంట్రాక్టులో ఒక లైన్ ఉంటుంది. లేదంటే టూల్‌లో వచ్చిన సెట్టింగే శాసనం అయిపోతుంది. సోనార్‌క్యూబ్‌లో (కోడ్ నాణ్యత చూసే టూల్) డిఫాల్ట్ గేట్, అంటే దాటాల్సిన హద్దు, 80 శాతం, అదీ కొత్త కోడ్ మీద మాత్రమే. చాలామంది ఆ "కొత్త కోడ్ మీద" అన్న మాట వదిలేసి 80ని మొత్తం మీద రుద్దుతారు, తర్వాత వచ్చినవాడు నేనేం తక్కువ తిన్నానా అని 90 అంటాడు. గూగుల్ వాళ్లు బయటపెట్టిన మార్గదర్శకం చూస్తే 60 అయితే ఫరవాలేదు, 75 మెచ్చుకోదగ్గది, 90 ఆదర్శం అని ఉంటుంది. అన్ని టీములకీ ఒకే అంకె అని ఎక్కడా లేదు.

పైనుంచి చూసేవాడికి ఉన్న ఇబ్బంది కూడా చెప్తా. నాకు ఆరు టీములు. ఎవరి టెస్టులు బాగున్నాయో కూర్చుని చదివే టైం లేదు, ఏదో ఒక అంకె కావాలి, దొరికిన అంకె కవరేజ్. అది కాకి లెక్క అని నాకూ తెలుసు. ఇంతకంటే మంచి అంకె ఎవరైనా చేతిలో పెడితే అదే వాడతా. కాబట్టి మీ హెడ్ దగ్గరికి పేపర్లు పట్టుకుని వెళ్లకండి, ఆధారం_చూపించు గారు చెప్పినట్టు పేపర్‌కి పేపర్ అడ్డం పడుతుంది. మీ సొంత కోడ్ మీద మ్యూటేషన్ టెస్టింగ్ నడిపి, మీ కవరేజ్ 100 ఉన్న క్లాస్‌లో ఎన్ని తప్పులు నాటితే ఎన్ని పట్టలేకపోయారో చూపించండి. జావాకి పిట్ అనే టూల్ ఉచితంగా దొరుకుతుంది, ఆ వాటర్‌లూ వాళ్లు వాడిందీ అదే. మీ తప్పు మీరే బయటపెట్టుకోవాల్సి వస్తుంది, దానికి ధైర్యం ఉంటేనే వెళ్లండి.

---

ఆధారం_చూపించు:

దీనికి నేనూ ఓకే. మ్యూటెంట్లని పట్టడం అంటే అసలు బగ్‌లని పట్టడమేనా అని మళ్లీ ఎవరో అడుగుతారు, వాళ్ల కోసం: 2014లోనే ఇంకో పరిశోధనలో 357 నిజమైన బగ్‌లు తీసుకుని చూస్తే వాటిలో 73 శాతానికి మామూలు మ్యూటెంట్లతో పొంతన కుదిరింది. మిగతా 27 శాతానికి కుదరలేదు. ఇదీ దేవుడేం కాదు.

---

మధురవాడ_జావా:

రెండు వారాల తర్వాత వస్తున్నా, సారీ, రిలీజ్ హడావిడి.

ముందు చింతపండు గారి అనుమానం. గిట్‌లో వెతికితే నిజంగానే ఏడు చోట్ల నల్ చెక్‌లు తీసేశారు. అందులో రెండు నేనే తీశాను, కమిట్ మెసేజ్‌లో "డెడ్ కోడ్ తొలగింపు" అని గొప్పగా రాసుకున్నా. అసలు అలా చేసిన సంగతే మర్చిపోయాను.

పిట్‌ని క్రెడిట్ నోట్ ప్యాకేజీ మీద నడిపాం. 140 మ్యూటెంట్లు నాటితే 61 బతికి బయటపడ్డాయి. కవరేజ్ మాత్రం 100. పన్ను లెక్కలో ప్లస్‌ని మైనస్ చేసినా మా టెస్టులన్నీ పాస్. ఆ స్క్రీన్ చూసి టీమ్‌లో ఎవరూ ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత మా జూనియర్ అమ్మాయి "అంటే అన్నా, మనం పన్ను తీసేసి తిరిగి కస్టమర్‌కే ఇచ్చినా ఎవరికీ తెలియదా" అంది, అందరం నవ్వేశాం, కానీ ఆ నవ్వు వేరు.

హెడ్ దగ్గరికి వెళ్లాను. పేపర్ల ఊసెత్తలేదు, ఆ 61 మ్యూటెంట్లలో మూడింటిని మాత్రం ప్రింట్ తీసి పట్టుకెళ్లా. ఆయన మొదటి మాట: "అంటే మూడు నెలల నుంచి మీరు నన్ను మోసం చేస్తున్నారా?" అవునండి అనలేక, కాదండి అనలేక నిలబడ్డాను. తర్వాత గంటసేపు కూర్చోబెట్టుకుని మాట్లాడారు, నిజానికి నేను ఊహించినంత మొండి మనిషి కాదు. అవతలి_కుర్చీ గారు చెప్పింది కూడా నిజమే, కాంట్రాక్టులో 80 అని ఉంది, ఈయన సేఫ్టీకి పది కలిపారు.

ఇప్పటికి తేలింది ఇది. గేట్ కొత్త కోడ్ మీద మాత్రమే, 80. గెటర్లు సెటర్లు మాత్రమే ఉన్న క్లాసులు లెక్కలో ఉండవు. బిల్లింగ్, పన్ను ప్యాకేజీలకి మాత్రం నెలకోసారి మ్యూటేషన్ రిపోర్టు చూపించాలి, దానికి టార్గెట్ అంకె పెట్టొద్దని బతిమాలాను, "చూద్దాం" అన్నారు. సోమవారం మెయిల్ మాత్రం ఆపలేదు. నా 800 లైన్ల మార్పు మాత్రం నిన్న మెర్జ్ అయింది!

ఒక్క సమస్య మిగిలింది. పిట్‌ని మొత్తం ప్రాజెక్టు మీద నడిపితే 3 గంటల పైనే పడుతోంది, సీఐ సర్వర్ (బిల్డులూ టెస్టులూ నడిపేది) మిగతా టీములవాళ్లతో పంచుకోవాలి, వాళ్లు గొడవ చేస్తున్నారు. ఎవరైనా తగ్గించారా?

---

పాత_టెస్టర్:

మొత్తం మీద నడపొద్దు. పుల్ రిక్వెస్ట్‌లో (మెర్జ్ చేయమని పంపే మార్పు) మారిన క్లాసుల మీదే నడుపు, పాత ఫలితాలు గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంది, అది ఆన్ చెయ్. మొత్తం కావాలంటే శనివారం రాత్రి పెట్టుకో. ముందు డేటాబేస్ తెరిచే టెస్టులని విడదీయి, నీ 3 గంటల్లో సగం అక్కడే పోతూ ఉంటుంది.